మూగబోయిన పెడల్‌లో తప్పును వెతకడం ఎలా?

విశాఖ ఎంవీపీ కాలనీలో మా కింది వాటాలో ఉండే ఇంజనీరింగ్ విద్యార్థి ఒకడు, గిటారు నాదాన్ని కావాలనే బొంగురుగా చిట్లించే, ఇంట్లో సొంతంగా చేసుకున్న డిస్టార్షన్ పెడల్‌ను ఈ మధ్య ఒక సాయంత్రం మా ఇంటికి పట్టుకొచ్చాడు. అల్యూమినియం టిఫిన్ డబ్బాకు రంధ్రాలు వేసి, అందులో వెరోబోర్డు (భాగాలు అతికే, రాగిపట్టీలున్న పలక), రెండు జాక్‌లు, మూడు నాబ్‌లు, కాలితో నొక్కే స్విచ్ ఎంతో ఓపికగా బిగించాడు. "లైటు వెలుగుతోంది బాబాయ్, శబ్దం మాత్రం రావట్లేదు" అన్నాడు. అప్పటికే వారం రోజులుగా దానితో కుస్తీ పడుతున్నాడు. రెండు ఐసీలు (చిప్పులు) మార్చాడు, అతుకులన్నిటినీ రెండోసారి కాల్చాడు, డాబాగార్డెన్స్ వైపు విడిభాగాల దుకాణానికి మూడుసార్లు వెళ్లొచ్చాడు. అతని శ్రద్ధకు వంక పెట్టడానికేమీ లేదు గానీ, తప్పు ఎక్కడుందో తెలుసుకోకముందే దాన్ని సరిచేయబోయాడు. సొంతంగా పెడల్ చేసుకునేవాళ్లలో ఎక్కువమంది చిక్కుకునేది ఇక్కడే. తెలియని తప్పును సరిచేయబోతే కొత్త తప్పులు వచ్చి చేరతాయి. పదేపదే వేడి తగిలి వెరోబోర్డు మీది రాగిపట్టీ లేచిపోతుంది, స్విచ్ లోపలి ప్లాస్టిక్ కరిగి కాళ్లు కదిలిపోతాయి.

పెడల్ డబ్బాలో నిజానికి మూడు వేరువేరు వ్యవస్థలు ఉంటాయని ముందుగా గుర్తించాలి. గిటారు నుంచి వచ్చిన సంకేతం ఒక చివర ప్రవేశించి మరో చివర బయటికి వెళ్లే దారి ఒకటి. ఆ దారిలోని ఐసీకో ట్రాన్సిస్టర్‌కో ప్రాణం పోసే 9 వోల్టుల కరెంటు దారి రెండోది. సంకేతాన్ని సర్క్యూట్ గుండా పంపాలా, తిన్నగా బయటికి వదిలేయాలా అని నిర్ణయించే ఫుట్‌స్విచ్ మూడోది. లైటు వెలుగుతోందంటే కరెంటు స్విచ్ దాకా వచ్చిందని, స్విచ్‌లోని మూడు వరుసల్లో ఒక వరుస పనిచేస్తోందని మాత్రమే అర్థం. ఐసీకి కరెంటు అందుతోందా, సంకేతం నడుస్తోందా అన్న సంగతి ఆ లైటుకు తెలియదు. వెలిగే లైటును చూసి కరెంటు బాగానే ఉందని తీర్మానించుకోవడం వల్లే చాలామంది మొదటి గంటను వృథా చేసుకుంటారు.

బోర్డును ముట్టుకోకముందు బయటి విషయాలు తేల్చుకోవాలి. గిటారును కేబుల్‌తో నేరుగా అంప్లిఫయర్‌కు కలిపి శబ్దం వస్తోందో లేదో చూడాలి, ఆపైన రెండో కేబుల్‌ను కూడా అలాగే పరీక్షించాలి. కొత్త 9 వోల్టుల బ్యాటరీ మీటరు మీద 9 కన్నా కాస్త ఎక్కువే చూపుతుంది, 7.5కు దిగిపోయిన బ్యాటరీతో పరీక్షలు చేస్తే వచ్చే అంకెలన్నీ తప్పుదారి పట్టిస్తాయి. బ్యాటరీ బదులు గోడ ప్లగ్గుకు పెట్టే ఎలిమినేటర్ వాడేవాళ్లు దాని ధ్రువాలను తప్పక చూసుకోవాలి. గిటారు పెడల్‌ల లోకంలో ఎలిమినేటర్ పిన్నుకు లోపలి భాగం నెగెటివ్, బయటి భాగం పాజిటివ్‌గా ఉండడం ఆనవాయితీ. ఇంట్లో రౌటరుకు వచ్చే ఎలిమినేటర్లలో ఎక్కువ భాగం దీనికి సరిగ్గా తలకిందులు. పెడల్‌లో తలకిందుల కరెంటును ఆపే రక్షణ డయోడ్ లేకపోతే, అలాంటి ఎలిమినేటర్‌ను ఒక్క క్షణం తగిలించినా ఐసీ కాలిపోవచ్చు.

ఎలిమినేటర్‌తో పనిచేసే పెడల్ బ్యాటరీతో పనిచేయకపోతే చూపు తిన్నగా ఇన్‌పుట్ జాక్ వైపు మళ్లాలి. సాధారణంగా ఇక్కడ స్టీరియో జాక్ వాడతారు. బ్యాటరీ నెగెటివ్ తీగను మధ్య వలయానికి చెందిన కాలుకు అతుకుతారు. గిటారు కేబుల్ దూర్చగానే దాని లోహపు ఒర ఆ వలయాన్ని గ్రౌండుతో, అంటే సర్క్యూట్ నెగెటివ్ వైపుతో, కలిపి బ్యాటరీని ఆన్ చేస్తుంది. జాక్‌కు ఉన్న మూడు కాళ్లలో ఏది దేనిదో పైకి చూస్తే తెలియదు కాబట్టి, కేబుల్ దూర్చి మల్టీమీటర్ బీప్ మోడ్‌లో చూసుకున్నాకే నమ్మాలి.

స్విచ్ సంగతి ఆ తర్వాత చూడాలి. స్విచ్ ఆఫ్‌లో, అంటే సంకేతం సర్క్యూట్‌లోకి వెళ్లకుండా తిన్నగా బయటికి పోయే స్థితిలో గిటారు శబ్దం మామూలుగా వినిపిస్తే, రెండు జాక్‌లూ, వాటి తీగలూ, స్విచ్‌లో సగభాగమూ బాగున్నట్టే. ఆ స్థితిలో కూడా శబ్దం లేకపోతే, బోర్డు ఎంత బాగున్నా ప్రయోజనం లేదు కాబట్టి దాన్ని అసలు తాకకూడదు. తొమ్మిది కాళ్ల ఫుట్‌స్విచ్‌లో మూడేసి కాళ్ల వరుసలు మూడుంటాయి, ప్రతి వరుసలోనూ మధ్యకాలు ఒకసారి ఒక పక్కకూ, మరోసారి రెండో పక్కకూ కలుస్తుంది. స్విచ్‌ను పావువంతు తిప్పి బిగిస్తే నిలువు వరుసలు అడ్డమవుతాయి, అతుకులన్నీ అందంగా ఉన్నా ఒక్కటీ తన చోట ఉండదు.

మా కుర్రవాడి పెడల్ ఈ పరీక్ష నెగ్గింది. అంటే తప్పు బోర్డులోనో, స్విచ్ మిగతా సగంలోనో ఉంది. ఇప్పుడు మల్టీమీటర్‌తో వోల్టేజీలు కొలవాలి. అతని సర్క్యూట్‌లో 4558 అనే ఎనిమిది కాళ్ల ఐసీ ఉంది. టీఎల్072 పెట్టినా కాళ్ల అమరిక ఇదే. నల్ల తీగను గ్రౌండుకు ఆనించి ఎర్ర తీగతో ఒక్కో కాలునూ తాకితే, 8వ కాలు దగ్గర ఇంచుమించు 9 వోల్టులు, 4వ కాలు దగ్గర సున్నా ఉండాలి. గిటారు సంకేతం పైకీ కిందికీ ఊగేది కాబట్టి, అది ఊగడానికి చోటు ఉండేలా మిగిలిన కాళ్లను సగం వోల్టేజీ దగ్గర, అంటే 4.5 వద్ద నిలబెడతారు. రెండు సమానమైన రెసిస్టర్లు 9 వోల్టులను సగానికి పంచి ఆ 4.5ను ఇస్తాయి. ఐసీ బయటికిచ్చే 1వ కాలు 4.5 దగ్గర కాకుండా 8 దగ్గరో 1 దగ్గరో ఇరుక్కుపోయి ఉంటే, సంకేతానికి ఊగే చోటు లేక శబ్దం చచ్చిపోతుంది, లేదా బొంగురుగా చిట్లుతుంది. పైకి ఇరుక్కుపోవడానికి ఎక్కువగా కనబడే కారణం, 2వ కాలు నుంచి గెయిన్ రెసిస్టర్ (సంకేతాన్ని ఎన్ని రెట్లు పెంచాలో నిర్ణయించేది) ద్వారా గ్రౌండుకు వెళ్లే దారిలో ఉండాల్సిన కెపాసిటర్ షార్ట్ కావడం. ఆ కెపాసిటర్ ఊగే సంకేతాన్ని వెళ్లనిస్తుంది, నిలకడగా ఉండే వోల్టేజీని ఆపుతుంది. అది ఆపకపోతే, సంకేతాన్ని వందల రెట్లు పెంచే ఐసీ ఆ 4.5 వోల్టులను కూడా పెంచబోయి పైకప్పుకు కొట్టుకుంటుంది.

ఈ దశలో మా కుర్రవాణ్ని మోసం చేసింది అతని మీటరు. 3వ కాలు దగ్గర 4.5 రావాల్సి ఉండగా అతనికి 2.2 వచ్చింది, అందుకే ఐసీ చెడిందనుకుని రెండు మార్చాడు. ఐసీలో దోషం లేదు. 3వ కాలుకు ఆ 4.5 వోల్టులు చేరేది 1 మెగా ఓమ్ రెసిస్టర్ గుండా. మన బజారులో తక్కువ ధరకు దొరికే డీటీ-830 రకం మల్టీమీటర్ల లోపలి నిరోధం కూడా 1 మెగా ఓమే. మీటరు ఆనించగానే ఆ రెండు రెసిస్టర్లూ వోల్టేజీని చెరిసగం పంచుకుంటాయి, మీటరు 2.25 దరిదాపుల్లో చూపుతుంది, తీయగానే అది మళ్లీ 4.5కు వెళ్లిపోతుంది. లోపలి నిరోధం 10 మెగా ఓమ్‌లు ఉండే మంచి మీటరు కూడా అదే చోట 4.1 చూపుతుంది. అందుచేత పెద్ద రెసిస్టర్ వెనక ఉన్న బిందువును కాక, ఆ రెసిస్టర్ రెండో చివరను, ఐసీ 1వ కాలును కొలిచి నిర్ణయానికి రావాలి. అతని బోర్డులో ఆ రెండు చోట్లా 4.5 నిక్కచ్చిగా ఉంది.

ట్రాన్సిస్టర్లతో చేసే పెడల్ అయితే పరీక్ష వేరుగా ఉంటుంది. 1966లో లండన్ నుంచి వచ్చిన ఫజ్ ఫేస్ అనే పెడల్ తరహా సర్క్యూట్‌ను సిలికాన్ ట్రాన్సిస్టర్లతో చేసుకుంటే, రెండో ట్రాన్సిస్టర్ మూడు కాళ్లలో (ఎమిటర్, బేస్, కలెక్టర్) కలెక్టర్ దగ్గర ఇంచుమించు సగం వోల్టేజీ ఉండాలి, మొదటిదాని బేస్‌కూ ఎమిటర్‌కూ మధ్య 0.6 వోల్టుల తేడా ఉండాలి. ఇక్కడ మన దేశంలో తరచుగా జరిగే ఒక పొరపాటు ఉంది. విదేశీ చిత్రాల్లో 2ఎన్3904 అని ఉంటుంది, దుకాణంలో సులువుగా దొరికేది బీసీ547. చదునైన ముఖం మనవైపు పెట్టి, కాళ్లు కిందికి ఉంచి చూస్తే, 2ఎన్3904లో ఎడమ నుంచి కుడికి ఎమిటర్, బేస్, కలెక్టర్ ఉంటాయి. బీసీ547లో అదే వరుసలో కలెక్టర్, బేస్, ఎమిటర్ ఉంటాయి. బొమ్మలో ఉన్నట్టే పెడితే బీసీ547 వెనకముందులై కూర్చుంటుంది. విచిత్రమేమిటంటే, అలా పెట్టినా ట్రాన్సిస్టర్ పూర్తిగా చచ్చిపోదు. బలహీనంగా పనిచేస్తూ నీరసమైన శబ్దం ఇస్తుంది. అందుకే ఆ తప్పు అంత సులువుగా బయటపడదు. పెడల్ కొద్దిగా పలికి ఊరుకుంటోందంటే నేను మొట్టమొదట అనుమానించేది దీన్నే.

వోల్టేజీలన్నీ సరిగా ఉన్నా శబ్దం రాని చోట మల్టీమీటర్ చేయగలిగేది అంతంతమాత్రమే. సంకేతం ఎక్కడిదాకా వెళ్లి ఆగిపోతోందో చెవితో వినాలి. దానికి కావలసిన పరికరాన్ని పది నిమిషాల్లో ఇంట్లోనే చేసుకోవచ్చు. ఒక పాత గిటారు కేబుల్ చివరను కోసి, లోపలి తీగకు 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్‌ను, అంటే మీద 104 అని రాసి ఉండేదాన్ని అతకాలి. బయటి అల్లిక తీగకు మొసలి నోటి క్లిప్పు అతకాలి. క్లిప్పును పెడల్ గ్రౌండుకు తగిలించి, కేబుల్ రెండో చివరను అంప్లిఫయర్‌లో పెట్టి, కెపాసిటర్ రెండో కాలుతో బోర్డు మీద ఒక్కో చోటునూ తాకుతూ వెళ్తే, ఆ చోట ఉన్న శబ్దం స్పీకరులో వినిపిస్తుంది. కెపాసిటర్ ఉండడం వల్ల బోర్డు మీది వోల్టేజీ అంప్లిఫయర్‌లోకి పోదు. గిటారు వాయిస్తూ వెతకడానికి మూడో చెయ్యి కావాలి కాబట్టి, ఫోన్‌లో ఏదైనా పాట పెట్టి, శబ్దం బాగా తగ్గించి, హెడ్‌ఫోన్ తీగ ద్వారా పెడల్ ఇన్‌పుట్‌కు ఇస్తే సరిపోతుంది. అంప్లిఫయర్ శబ్దం మాత్రం తక్కువలో ఉంచుకోవాలి. తాకిన ప్రతిసారీ టప్పుమని చప్పుడొస్తుంది.

మొదటి చోటు నుంచి వరుసగా వెళ్లనక్కరలేదు. సర్క్యూట్ మధ్యలో ఉన్న ఐసీ 1వ కాలు దగ్గర ముందు వినాలి. అక్కడ పాట గట్టిగా వినిపిస్తే తప్పు రెండో సగంలో ఉంది, వినిపించకపోతే మొదటి సగంలో ఉంది. మళ్లీ ఆ సగంలో మధ్యకు వెళ్లాలి. ఇరవై చోట్లున్న బోర్డులో అయిదుసార్లు తాకితే చాలు, పాట ఆగిపోయిన చోటు దొరుకుతుంది.

మా కుర్రవాడి బోర్డులో 1వ కాలు దగ్గర పాట చెవులు చిల్లులు పడేటట్టు వినిపించింది. దాని తర్వాతి కెపాసిటర్ అవతలి కాలు దగ్గర నిశ్శబ్దం. "అయితే కెపాసిటర్ పోయింది, మార్చేస్తా" అని అతను సోల్డరింగ్ ఐరన్ అందుకోబోయాడు. ఇక్కడ ఆగి ఆలోచించాలి. నిశ్శబ్దానికి రెండు కారణాలుంటాయి. దారి తెగి సంకేతం అక్కడికి చేరకపోవడం ఒకటి, చేరిన సంకేతం మొత్తం గ్రౌండులోకి ఇంకిపోవడం రెండోది. చెవికి రెండూ ఒకటే, మరమ్మతు మాత్రం పూర్తిగా వేరు. వాటిని విడదీయడానికి బ్యాటరీ తీసేసి, ఆ చోటుకూ గ్రౌండుకూ మధ్య ఎన్ని ఓమ్‌లున్నాయో కొలవాలి. అక్కడ వేల ఓమ్‌లు ఉండాల్సి ఉండగా మీటరు 1 ఓమ్ కూడా చూపలేదు. సంకేతం ఇంకిపోతోంది. అక్కడి నుంచి గ్రౌండుకు వెళ్లేవి రెండు 1ఎన్4148 డయోడ్లు; సంకేతం 0.6 వోల్టులు దాటగానే దాని తలను నరికి డిస్టార్షన్ పుట్టించడం వాటి పని. ఒక కాలు ఎత్తి రెంటినీ విడిగా పరీక్షిస్తే బాగానే ఉన్నాయి.

అసలు తప్పు భూతద్దంలో కనిపించింది. వెరోబోర్డు మీద రాగిపట్టీలను అవసరమైన చోట డ్రిల్లు మొనతో కోసి తెంపుతాం. ఒకచోట అతను కోసిన గాడి అంచున వెంట్రుకంత రాగి తెగకుండా మిగిలిపోయి, డయోడ్ల పట్టీని పక్కనున్న గ్రౌండు ముక్కతో కలిపేస్తోంది. బ్లేడు మొనతో ఒక్క గీత గీయగానే పెడల్ పలికింది. వారం రోజులు మార్చిన ఏ భాగంలోనూ ఏ దోషమూ లేదు. నా దగ్గరికి వచ్చిన పెడల్‌లలో నిజంగా చెడిన భాగం వల్ల మూగబోయినవి బహు కొద్ది. తప్పుగా పెట్టినవి, సరిగా అతకనివి, అనుకోకుండా కలిసిపోయినవే దాదాపు అన్నీ. రంగులు తప్పు చదివి పెట్టిన రెసిస్టర్లు కూడా ఈ కోవలోనివే. గోధుమ, నలుపు, ఎరుపు అయితే 1 కిలో ఓమ్. గోధుమ, నలుపు, నారింజ అయితే 10 కిలో ఓమ్‌లు. ట్యూబులైటు వెలుతురులో ఎరుపునూ నారింజనూ పోల్చడం కష్టం కాబట్టి, అతికేముందే మీటరుతో కొలవడం మేలు.

పెడల్ పలుకుతుంది గానీ రొద చేస్తుంది అనే ఫిర్యాదు మరో రకం. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి గుమ్మనే హమ్మింగ్ 50 దగ్గరో, నాసిరకం ఎలిమినేటర్ వల్ల అయితే 100 దగ్గరో వినిపిస్తుంది. బ్యాటరీ పెట్టగానే పోతే దోషం ఎలిమినేటర్‌ది. బ్యాటరీతోనూ ఉండి, గిటారు వాల్యూమ్ సున్నా చేయగానే పోతే అది గిటారు పికప్ (తీగల కంపనాన్ని సంకేతంగా మార్చే భాగం) గాలిలోంచి అందుకుంటున్నది. పెడల్ దాన్ని పెంచి చూపుతోంది, అంతే. రెండూ కాకపోతే డబ్బా గ్రౌండుకు కలిసిందో లేదో చూడాలి. టిఫిన్ డబ్బాల అల్యూమినియానికి ఆనోడైజింగ్ పూత ఉంటే అది కరెంటును పోనివ్వదు, పెయింటు కూడా అంతే. జాక్ కూర్చునే చోట లోపలివైపు గీకి లోహం బయటపెట్టాలి. హమ్మింగ్ తగ్గించడానికి అంప్లిఫయర్ ప్లగ్గులోని ఎర్తింగ్ పిన్నును తీసేసేవాళ్లను చూశాను. ఆ పని ఎప్పటికీ చేయకూడదు. 9 వోల్టుల పెడల్ ఎవరినీ ఏమీ చేయదు, కానీ ఎర్తింగ్ లేని అంప్లిఫయర్‌లో లోపం వస్తే 230 వోల్టులు గిటారు తీగల మీదికే వస్తాయి.

విశాఖలో ఉండేవాళ్లకు ఇంకో అనుభవం ఎదురుకావచ్చు. పెడల్ గెయిన్ పూర్తిగా పెంచి వాయించడం ఆపిన క్షణాన, వెనక నుంచి సన్నగా ఎవరో మాట్లాడుతున్నట్టు వినిపిస్తుంది. అది మీడియం వేవ్ రేడియో. మన ఆకాశవాణి కేంద్రం 927 కిలోహెర్ట్జ్ తరంగాన్ని గిటారు కేబుల్ ఏరియల్‌లా పట్టుకుంటే, పెడల్‌లోని మొదటి ట్రాన్సిస్టరో ఐసీయో పాతకాలపు రేడియోలోని డయోడ్ పనిని తానే చేసి మాటను విడదీస్తుంది. ఇన్‌పుట్ దగ్గర సంకేతం దారిలో 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్, దాని తర్వాత గ్రౌండుకు 100 పికోఫారడ్ కెపాసిటర్ పెడితే, 159 కిలోహెర్ట్జ్ పైనున్నవన్నీ క్రమంగా తగ్గిపోతాయి. మన చెవి 20 కిలోహెర్ట్జ్ దాటి వినలేదు కాబట్టి గిటారు నాదానికి నష్టం ఉండదు.

గెయిన్ పెంచగానే కీచుమంటే ఇన్‌పుట్, ఔట్‌పుట్ తీగలు పక్కపక్కనే పడుకుని ఉన్నాయని అర్థం, వాటిని విడదీయాలి. స్విచ్ నొక్కినప్పుడు టప్పుమంటే ఇన్‌పుట్ నుంచి గ్రౌండుకు 1 మెగా ఓమ్ రెసిస్టర్ లేదని అర్థం.

ఉప్పుగాలి విషయం మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. సముద్రానికి కిలోమీటరు దూరంలో ఉండే మా ఇళ్లలో జాక్‌ల లోపలి లోహపు రేకు కొన్ని నెలల్లోనే నల్లబడుతుంది, తెరిచి ఉంచిన రాగిపట్టీ పచ్చబారుతుంది. అతికిన తర్వాత కడగకుండా వదిలేసిన ఫ్లక్స్ (అతుకు బాగా పట్టడానికి వాడే జిగురు లాంటి పదార్థం) తేమను పీల్చుకుని, పక్కపక్క పట్టీల మధ్య సన్నటి దారి వేస్తుంది. 1 మెగా ఓమ్ రెసిస్టర్ల మీద ఆధారపడ్డ సర్క్యూట్‌కు ఆ మాత్రం దారి చాలు, వోల్టేజీలు జారిపోయి శబ్దం చిటపటలాడుతుంది. వానాకాలంలో మొరాయించి ఎండ కాయగానే పలికే పెడల్‌కు జబ్బు ఇదే. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పాత టూత్‌బ్రష్ దీనికి మందు. ఊపితేనో, వేలితో నొక్కితేనో పలికేది మాత్రం టీవీ మెకానిక్‌లు డ్రై సోల్డర్ అనే జబ్బు; లెడ్డు కరిగి కాలు చుట్టూ చేరుతుంది గానీ కాలును పట్టుకోదు. వెదురు పుల్లతో ఒక్కో అతుకునూ మెల్లగా కదుపుతూ వింటే ఏ అతుకు చెడిందో తెలుస్తుంది, అప్పుడు ఆ ఒక్కదాన్నే మళ్లీ కాల్చాలి.

బల్ల మీద పలికిన పెడల్ డబ్బాలో పెట్టి మూత బిగించాక మూగబోవడం కూడా మామూలే. మా కుర్రవాడిదీ అదే చేసింది. వాల్యూమ్ కంట్రోల్ కాలు ఒకటి మూతకు తగులుతోంది. వెనక దళసరి అట్టముక్క అంటించగానే సర్దుకుంది. మూత బిగించేముందు, పనిచేస్తున్నప్పటి వోల్టేజీలను ఒక కాగితం మీద రాసి లోపల అంటించమన్నాను. మళ్లీ ఎప్పుడైనా మొరాయిస్తే ఎంత ఉండాలో వెతుక్కోనక్కరలేదు, ఏ అంకె మారిందో చూసుకుంటే చాలు. 8వ కాలు 9.1, 4వ కాలు 0, 1వ కాలు 4.5 అని రాసి, 3వ కాలు దగ్గర "2.2, ఈ మీటరుతో" అని అతనే చేర్చుకున్నాడు.